గ్రీటానదీతీరమునఁ గాట్మను వ్రాసిన జలవర్ణచిత్రములు

లండనునందలి బ్రిటిషు మ్యూజియమున గ్రీటావంతెన యనుపేర నొక చిన్న జలవర్ణచిత్రము కలదు. దాని వెడల్పు మూరెడైనను లేదు. వ్రాసినవాఁడు జాన్ సెల్ కాట్మన్ (1782–1842). అప్పటి కాతనికి ఇరువదిమూఁడేండ్లు. ఒక్క కమానుగల రాఁతివంతెన, దాని దాపున నొక యిల్లు, వెనుక దట్టమైన చెట్లగుంపు, ముందు నిశ్చలమైన నీరు, నీటిలోఁ గొన్ని బండలు, పైని మేఘములు. ఇంతకు మించి యందేమియు లేదు. కథ లేదు, చరిత్రప్రసిద్ధుఁడైన పురుషుఁడు లేఁడు, పిడుగు లేదు, పెనుగాలి లేదు. ఐనను ఇరువదవ శతాబ్దపు విమర్శకులు పెక్కురు ఆంగ్లేయుల నీటిరంగుల చిత్రములలో నిది మిక్కిలి శ్రేష్ఠమైనవానిలో నొకటియని నిర్ణయించిరి.

ఈ చిత్రమును, దీనితోడివానిని గూర్చి విమర్శకులలో నొక వివాదము నేఁటికిని దీఱలేదు. కాట్మను వీనిని నదీతీరమునఁ గూర్చుండి యెదుటి దృశ్యమును జూచుచు రంగులతో వ్రాసెనా? లేక యచ్చట రేఖలు మాత్రము గీచికొని, గదిలోఁ దీఱికగా రంగులు నింపెనా? వ్రాఁతప్రతులను బరిష్కరించు పండితునకు మూలమేది, పుత్త్రికయేది యను విచార మెంత ముఖ్యమో, చిత్రవిమర్శకున కీ విచార మంత ముఖ్యము. కన్నులారఁ జూచి చేసిన వర్ణనమునకును, చదివి చేసిన వర్ణనమునకును భేదమేమి, ఆ భేదము కృతియందుఁ గనఁబడునా, యనునది సాహిత్యపరులకుఁ గూడఁ దప్పని ప్రశ్న. అందుచేతనే దీనినిచ్చటఁ జర్చింపఁ బూనితిని.

మనలోఁ గొందఱు ఆరుబయటఁ బ్రకృతిని జూచి వ్రాసిన చిత్రమును జిన్నచూపు చూతురు. అది ప్రతిబింబమే కాని సృష్టి కాదని వారి యాక్షేపము. ఇందులకు శాస్త్రమును గూడ సాక్షిగాఁ దెత్తురు. పండ్రెండవ శతాబ్దమునఁ జాళుక్య సోమేశ్వరుఁడు రచించిన మానసోల్లాసమునఁ జిత్రభేదములు చెప్పఁబడినవి. అద్దములోని ప్రతిబింబమువలె వస్తువును బోలియుండునది విద్ధము. ఆకారమాత్రము నుద్దేశించి వ్రాయునది అవిద్ధము. చూచినంతనే శృంగారాదులు స్ఫురింపఁజేయునది భావచిత్రము. ద్రవవర్ణములతో వ్రాయునది రసచిత్రము. పొడులతో వ్రాయునది ధూళిచిత్రము. ఈ లెక్కను నీటిరంగులతోఁ బ్రకృతిని జూచి వ్రాసినది రసచిత్రమై, విద్ధమై, యంతటితో నాఁగిపోవునని వారి తాత్పర్యము. కాని యీ విభాగమున మొదటి మూఁడును చిత్రస్వభావమును బట్టియు, తుది రెండును సాధనమును బట్టియు నేర్పడినవి. ఒకటి మఱియొకదానికిఁ దక్కువ యని విభాగమువలననే సిద్ధింపదు. అదియుఁ గాక, అద్దమునకు విడుచుట తెలియదు. ఎదుట నున్నదంతయు నది చూపును. కుంచె పట్టినవాఁడు అంతయుఁ జూపలేఁడు. నీటిరంగులతో వ్రాయువాఁడు మఱియుఁ జూపలేఁడు. ఎందుచేతనో తెలియుటకు సాధనముల స్వభావము కొంత యెఱుఁగవలయును.

నీటిరంగనఁగా బంకతోఁ గూర్చిన వర్ణచూర్ణము. ఆ బంక ఆఫ్రికాదేశపుఁ దుమ్మజాతిచెట్లది. పూర్వము చిత్రకారుఁడు తన రంగులను దానే నూఱుకొనవలసియుండెను. 1780 ప్రాంతమున లండనునందు రీవ్సు సోదరులు రంగులను గట్టి బిళ్లలుగాఁ జేసి యమ్మసాగిరి. 1781లో నచ్చటి కళాసంఘమువారు ఇందులకై వారికి వెండితోఁ జేసిన రంగులపలక నిచ్చి గౌరవించిరి. బిళ్లను దడిపి రుద్దినఁ జాలును, రంగు సిద్ధము. బిళ్లలపెట్టె, రెండు కుంచెలు, సీసాలో నీరు, కాగితముల పుస్తకము, ఇంతయు భుజమునఁ దగిలించుకొని పొలములకుఁ బోవచ్చును. అదే శతాబ్దమున వాట్మను కాగితపుమిల్లునుండి జల్లెడగీఱలు పడని నునుపైన కాగితము వెలువడెను. 1757లో బాస్కర్విల్లు ముద్రించిన వర్జిలు కావ్యసంపుటమునఁ గొంతభాగ మట్టి కాగితముపై నచ్చయినదే. రేకుగొట్టములలో నింపిన రంగులు, బిళ్లకంటె మెత్తనైన తడిరంగులు నిప్పుడు మనకు సుపరిచితములు గాని, యవి 1830 తరువాతివి. కాట్మను యౌవనమున గట్టిబిళ్లయే గతి.

తైలవర్ణములలోఁ దెలుపు ఒక రంగు. శుద్ధమైన జలవర్ణలేఖనమునఁ దెలుపనఁగాఁ గాగితమే. వెలుఁగు పలుచని రంగుపొరను దాఁటి, కాగితమును దాఁకి, మరల నా పొరగుండ మన కంటికి వచ్చును. కాఁబట్టి వెలుఁగు నిలువవలసిన చోటును మొదటనే విడిచిపెట్టవలయును. ఒకసారి ముదురుచేసిన దానిని మరల లేఁతచేయుట దుస్సాధ్యము. తడిపి తుడిచినను, కత్తితో గీఁకినను, మచ్చ మిగులును. లేఁతరంగునుండి ముదురురంగునకుఁ బోవుటయే గాని వెనుకకు మరలుట లేదు. తాటాకుపై గంటముతో వ్రాయువాని కష్టమువంటిదిది. వ్రాసినతరువాత దిద్దుట లేదు గనుక, వ్రాయుటకు ముందే యంతయుఁ దలఁచియుండవలయును.

ఇందులకుఁ గాట్మనుకంటె నేడేండ్లు పెద్దవాఁడగు టామస్ గర్టిన్ (1775–1802) వ్రాసిన చిత్ర మొకటి దృష్టాంతము. చెల్సీలోని తెల్లయిల్లని దానిపేరు, 1800లో వ్రాయఁబడినది. మునిమాపువేళ విశాలమైన థేమ్సునది, దూరమునఁ దీరరేఖ, ఆ రేఖపై గోరంత తెల్లని యిల్లు, నీటిలో దాని నీడ. ఆ తెలుపు రంగు కాదు. రంగు సోఁకని కాగితము. చుట్టునున్న మసకవెలుఁగంతయు నా గోరంతకొఱకే వ్రాయఁబడినట్లు తోఁచును. గర్టిన్ ఇరువదియేడేండ్లకే మృతినొందెను.

ఇట్టి చూపు మన సాహిత్యమున కెఱుకలేనిది కాదు. ఆముక్తమాల్యద ప్రథమాశ్వాసమున శ్రీకృష్ణదేవరాయలు విల్లిపుత్తూరు పొలములను వర్ణించుచు, మడికాలువలలో ఱెక్కలలోఁ దల దూర్చి నిద్రించు బాతులను జెప్పెను. కావలివారు వానిని జూచి, వేకువ స్నానము చేసిపోయిన బ్రాహ్మణులు విడిచిన పిండిన బట్టలముద్దలని భ్రమసి, వారి యిండ్లకుఁ జేర్పఁదలఁచి రేవునకు దిగుదురు. బాతులు పాఱిపోవును. పైరు కాచు పడుచులు నవ్వుదురు. భ్రాంతిమదలంకారమని పేరు పెట్టి పాఠశాలలలో మనమీ పద్యమును ముగింతుము. పేరు సరియే. కాని యా భ్రాంతి పుట్టినచో టేది? మసకవెలుఁగున బాతు బాతుగాఁ గనఁబడదు. పేరులేని తెల్లని ముద్దగాఁ గనఁబడును. కన్ను మొదట ముద్దను జూచును. బుద్ధి పిమ్మటఁ బేరు పెట్టును. ఆ రెంటి నడిమి క్షణమును రాయలు పట్టుకొనెను. జలవర్ణచిత్రకారుని మొదటి పూఁతయు నా క్షణమునకుఁ జెందినదే. ఆతఁడు చెట్టును వ్రాయఁడు. చెట్టున్నచోటఁ గంటికిఁ దోఁచు చీఁకటి యాకారమును వ్రాయును. రాయలు పొలముగట్టున నిలిచి యీ పద్యమును రచించెనని నేననను. ఎన్నఁడో గట్టున నిలిచి చూడనివాఁడు దీనిని రచింపలేఁడని మాత్రమందును. గ్రీటాచిత్రముల విషయమునను నా నిర్ణయ మిట్టిదే. దానికి ఆధారములు చెప్పెదను.

కాట్మను నారిచ్చి పట్టణమునఁ బుట్టెను. తండ్రి మొదట క్షురకవృత్తియందుండి, పిమ్మటఁ బట్టుబట్టల వ్యాపారము చేసినవాఁడు. కుమారుఁడు 1798లో లండను చేరి, చిత్రములకు రంగులు వేయు పనితోఁ బొట్టపోసికొనుచు విద్య నేర్చెను. 1803 మొదలు మూఁడు వేసవులు యార్క్‌షైరుసీమకుఁ బోయి, బ్రాండ్స్బీ గ్రామమునఁ జమ్లీ కుటుంబమువారి యింట నతిథిగా నుండెను. 1805 వేసవిని వారితోఁ గూడ రోక్బీ కేఁగెను. రోక్బీ ప్రభువు మారిట్టు గ్రీకుభాషాపండితుఁడు. ట్రాయినగరము వట్టి కల్పనమన్నవారిని ఖండించుచు హోమరును సమర్థించి 1798లో గ్రంథము ప్రకటించినవాఁడు. తోడివారు వెడలిన పిమ్మటఁ గాట్మను గ్రీటావంతెనయొద్దఁ బూటకూళ్లయింట మఱికొన్నాళ్లు నిలిచెను. గ్రీటా చిన్నయేఱు. అడవినడుమ బండలపై నుఱికి, రోక్బీ తోఁటలను దాఁటి, టీసునదిలోఁ గలియును. వంతెన 1773లోనిది; యార్కు నగరవాసియగు జాన్ కార్ అను వాస్తుశిల్పి దానికి రూపమిచ్చెను. ఈ ప్రాంతము నాఁడు యార్క్‌షైరులోనిదే గాని, 1974 నుండి పాలనవిషయమున డర్హము సీమలోఁ జేరినది.

ఆ యేఁటి నవంబరు 30వ తేదీని గాట్మను డాసన్ టర్నరను మిత్రునకు జాబు వ్రాసెను. తన ముఖ్యమైన యభ్యాసము ప్రకృతినుండి రంగులు వేయుటయే యనియు, వానిలోఁ బెక్కు చంచలస్వభావయైన యా ప్రకృతికి దగ్గఱి ప్రతులే యనియు, అందుచేతనే యవి విలువగలవనియు నా జాబునఁ జెప్పెను. చిత్రములు నదియొడ్డుననే పుట్టినవనువారికి ఈ జాబు పరమప్రమాణము.

ఎదిరిపక్షమువారి మాటయుఁ దీసివేయఁదగినది కాదు. గ్రీటాచిత్రములలోఁ దొందరపాటు జాడ లేదు. ప్రతి యాకారము నొక చదునైన పూఁతతో నిండియుండును. దాని యంచు కత్తితోఁ గోసినట్లుండును. ఒక యాకారము మఱియొకదానిలో నమర్చినట్లు కూడుకొనును. చెట్లలో ఆకులు లేవు. ఆకులగుంపులు తేటగాను ముదురుగాను బొరలై యొకదానివెనుక నొకటి నిలుచును. ఇంతటి కూర్పు దోమలు, ఎండ, గాలి, దారినపోవువారి ప్రశ్నలు వీని నడుమ సాధ్యమా యని వారి సంశయము. తడిరంగు పూర్తిగా ఆఱినఁ గాని ప్రక్కపూఁత వేయరాదు. వేసినచో రెండును గలిసి చెదరును. అన్ని పూఁతలకు నన్నిసారు లాఱనిచ్చుటకు గంటలు పట్టును. సూర్యుఁడు గంటకుఁ బదునైదంశలు జరుగును. మొదటి పూఁతనాఁటి వెలుఁగు తుదిపూఁతనాఁటి కుండదు.

ఈ యంచును గూర్చి యొక్కమాట చెప్పవలసియున్నది. నీటిచుక్క కాగితముపై నాఱునప్పుడు రంగు నడుమ నిలువక యంచునకుఁ జేరి సన్నని ముదురురేఖగా నేర్పడును. కాఫీచుక్క యాఱిన బల్లపై నెల్లరును జూచునదే. దీనికిఁ గారణమును 1997లో షికాగో విశ్వవిద్యాలయపు శాస్త్రజ్ఞులు వివరించిరి. చుక్క యంచు కదలక యచ్చటనే యంటుకొనియుండును; అంచున నీరు త్వరగా నావిరియగును; ఆ లోటును దీర్చుటకు నడిమి నీరు అంచువైపునకుఁ బ్రవహించుచు వర్ణచూర్ణమును మోసికొనిపోవును. చిత్రకారులకుఁ గారణము తెలియకున్నను గార్యము తెలియును. గాలి, ఎండ తగులుచోట పూఁత త్వరగా నాఱి యంచు తీక్ష్ణమగును. కాఁబట్టి తీక్ష్ణమైన యంచు గదినే సూచించునను వాదము నిలువదు. ఐనను, అది నదీతీరమునే సూచించుననుటయు సరికాదు. గదిలోఁ గుంపటియొద్ద నాఱఁబెట్టినను అట్లే యుండును. అంచు రెండుపక్షములకు సాక్షియే. అనఁగా నెవ్వరికిని సాక్షి కాదు.

నా కింతకంటె బలమైన సాక్ష్యము చిత్రవస్తువునందుఁ గనఁబడుచున్నది. డంకోంబు ప్రభువు తోఁటలో వ్రాసిన చిత్ర మొకటి యిప్పుడు లండనునందు బ్రిటిషు మ్యూజియమున నున్నది. పశువులు దాఁటకుండ నేటిపై వ్రేలాడఁగట్టిన కఱ్ఱలతడిక, దానిచుట్టు పొదలు, ఇంతియే యా చిత్రము. ఇంటఁ గూర్చుండి కల్పించువాఁ డొక శిథిలదుర్గమునో, జలపాతమునో కల్పించును. పాతబడిన తడికను గల్పింపఁడు. తడిక రమణీయమని యేగ్రంథమును జెప్పలేదు. రోక్బీలో నంత గొప్ప భవనముండఁగాఁ గాట్మను దానిని విడిచి, బండలమడుగులను, మ్రాకులమొదళ్లను వెదకికొనెను. పుస్తకములలో లేని వస్తువు చిత్రమున కెట్లు వచ్చెను? ఎదుట నిలిచి చూచుటవలననే వచ్చెను. మఱియు నా తడికను, నా బండలను వ్రాసినప్పుడు వాని గఱుకుదనమును, నాచును, పగుళ్లను లెక్కింపక, మూఁడు నాలుగు చదునైన యాకారములకుఁ గుదించెను. ఈ కుదింపు గదిలోఁ బుట్టినదని యెదిరిపక్షము. వెలుఁగు జరుగుచుండఁగాఁ దడిపూఁత చేతనుండఁగా దేనిని విడువవలయునో యప్పటికప్పుడు తేల్చుకొనక తప్పనివానికిఁ బుట్టినదని నా తలంపు. మొదటి లేఁతపూఁతలు నదీతీరమునను, పై ముదురుపూఁతలు కొన్ని పూటకూళ్లయింటనో లండనులోనో వేయఁబడి యుండవచ్చును. ముగింపు ఎచ్చటిదైనను, ఏది యుంచవలయును ఏది విడువవలయు నను నిర్ణయము మాత్ర మా యొడ్డుననే జరిగెను.

ఇచ్చటఁ బ్రసిద్ధుఁడగు జె. ఎమ్. డబ్ల్యు. టర్నరు పేరు చెప్పి నన్నాక్షేపింతురు. 1819లో నేపిల్సునగరమున నొకరాతనిని ఆరుబయట రంగులు వేయుఁడని కోరఁగా, అది కాలహరణమనియు, ఒక రంగుచిత్రము వ్రాయుకాలములోఁ బెన్సిలుతోఁ బదునైదో పదునాఱో గీచికొనవచ్చుననియుఁ జెప్పెనని నాఁడచ్చట నున్న యువకుఁడైన సోను జాబువలనఁ దెలియుచున్నది. 1816లో టర్నరును యార్క్‌షైరున సంచరించి, గ్రీటా టీసుల సంగమమును జూచి, పెన్సిలుతో గీచికొని, యింటనే రంగులు వేసెను. అంతకు ముందటియేఁడు జావాప్రక్కనున్న తంబోరా యగ్నిపర్వతము ప్రేలుటవలన నైరోపా ఖండమున 1816లో వేసవియే లేకపోయెను, ఎడతెగనివాన. ఆ వానలో నెవ్వఁడు రంగులపెట్టె తెఱచును? అదట్లుండ, కాట్మను గ్రీటాయొద్ద నున్న 1805 ప్రాంతముననే టర్నరు థేమ్సునదిపైఁ దిరుగుచు నెదుటి దృశ్యమును జూచి నీటిరంగులతోను, తైలవర్ణములతోను నభ్యాసచిత్రములు వ్రాసెనని విమర్శకులు తలఁచుచున్నారు. ఇంట వ్రాయుటకుఁ దగిన జ్ఞాపకశక్తి యాతనికి బయట వ్రాయుటవలననే కలిగెనని చెప్పినఁ దప్పేమి? పాణిని సూత్రములు కంఠస్థమైనవాఁడు పుస్తకము విప్పకుండుట చూచి, పుస్తకమక్కఱలేదని బాలురకు బోధింపఁగూడదు గదా.

ఈ గ్రీటాతీరముననే మఱియొక విశేషము జరిగినది. ఇది కవులకు సంబంధించినది. సర్ వాల్టర్ స్కాటు రోక్బీ యను కావ్యమును 1813లోఁ బ్రకటించెను. దానిని మారిట్టునకే యంకితము చేసెను. 1812లోఁ గావ్యరచనకై యచ్చటికి వచ్చినప్పుడు, దొంగలకుఁ దగిన గుహ యొకటియు, పాతదేవాలయ మొకటియు దనకుఁ గావలెనని స్కాటు చెప్పఁగా, మారిట్టు వానిని బ్రిగ్నలు రాతిగనులకును ఎగ్లెస్టను శిథిలమఠమునకును దీసికొనిపోయెను. గుహచుట్టు మొలచిన యడవిపూవుల పేర్లనుగూడ స్కాటు వ్రాసికొనుట చూచి మారిట్టు నవ్వెనఁట. ప్రకృతిలో రెండుచోటు లొక్కతీరున నుండవనియు, కన్నులయెదుటిదానిని యథార్థముగా వ్రాయువాని కృతికిఁ బ్రకృతియంత వైవిధ్య మబ్బుననియు, ఊహనే నమ్మినవాఁడు కొలఁదికాలములోనే తన కిష్టమైన నాలుగు పోలికలలోఁ జిక్కి వానినే తిప్పితిప్పి చెప్పుననియు స్కాటు బదులుచెప్పెను. మారిట్టు వ్రాసి యిచ్చిన యీ సంభాషణమును లాక్‌హార్టు స్కాటు చరిత్రమునఁ జేర్చెను. స్కాటు గ్రీటాయొడ్డునఁ గావ్యమును వ్రాయలేదు. పూవుల పేరులు వ్రాసికొని యింటికిఁ బోయెను. కాట్మను చేసినదియు నించుమించుగా నిదియే యని నేననుచున్నాను.

స్కాటు చెప్పిన నాలుగు పోలికలచెఱ మన ప్రబంధపాఠకులకుఁ దెలియనిది కాదు. పదునెనిమిది వర్ణనములు నియతములైన పిమ్మట, సముద్రమును జూడని కవి సముద్రమును, మంచును జూడని కవి హిమవంతమును వర్ణించిరి. వీరిలో శక్తిమంతులు లేకపోలేదు. కాని యొక కవి చంద్రోదయమును మఱియొక కవి కావ్యమునఁ బెట్టినను అతుకు కనఁబడని స్థితి వచ్చెను. ఇందులకు శాస్త్రము తప్పు కాదని నా యభిప్రాయము. విష్ణుధర్మోత్తరమునందలి చిత్రసూత్రము నీటిని మీనకూర్మపద్మాదులతోఁ జూపుమన్నది; ఆకాశమును బక్షులతోఁ జూపుమన్నది. ఇంతవఱకు సంకేతమే. కాని యలలను, మంటను, పొగను, జెండాను గాలి నడకకుఁ దగినట్లు వ్రాయఁగలవాఁడే చిత్రజ్ఞుఁడని కూడ నా గ్రంథమే చెప్పినది. గాలినడక సంకేతమువలనఁ దెలియదు; గాలిలో నిలిచినవానికే తెలియును. మనవారు మొదటిమాటను గంఠస్థము చేసి రెండవమాటను విడిచిరి. ఆకాశములోఁ బక్షులమాట వచ్చినది గనుక నొక వినోదము చెప్పెదను. డేవిడ్ కాక్స్ (1783–1859) అను చిత్రకారునకు 1836లో గఱుకైన పొట్లపుకాగితము దొరకెను. ఆరుబయటి గాలివానలను వ్రాయుట కది మిక్కిలి యనుకూలమాయెను. కాని యందు నల్లనిపొట్టు మచ్చలుండెడివి. అవి యాకాశమునఁ బడినప్పు డేమిచేయుదువని యడిగినవారితో, వానికి ఱెక్కలు పెట్టుదును, పక్షులై యెగిరిపోవునని చెప్పెనఁట. చిత్రసూత్రకారుఁడు వినినచో సంతోషించియుండును.

విమర్శకుఁడు జాగ్రత్తపడవలసిన చోటొకటి కలదు. ఈ కాలపుఁ జిత్రములలోని రంగు నేఁడు మనము చూచునదియే యని నమ్మరాదు. మబ్బులకును, పచ్చదనమునకును నాఁటివారు నీలిమందును విరివిగా వాడిరి. వంగదేశమునుండి యోడలకెక్కిన నీలియే యది. వెలుఁగు తగిలినకొలఁదిని నీలి విఱిగిపోవును. దానితోఁ గలిపిన కావిరంగు నిలుచును. గర్టిన్ ఆకాశములు కొన్ని యందుచేతనే యెఱ్ఱబాఱినవి. 1886లో లండను పత్రికలలో దీనిపైఁ బెద్ద కలహము జరిగెను. 1888లో రస్సెలు, ఆబ్నీ యనువారు పరీక్షలు చేసి, నీటిరంగులపై వెలుఁగు చేయు మార్పులను గూర్చి నివేదిక ప్రకటించిరి. నాఁటినుండి మ్యూజియములవా రీ చిత్రములను గోడలపై నెల్లకాలము వ్రేలాడఁగట్టక పెట్టెలలో భద్రపఱచి, యప్పుడప్పుడు మాత్రమే చూపుచున్నారు. ఎఱ్ఱబాఱిన యాకాశమును జూచి, చిత్రకారుఁడు సంధ్యారాగమును వ్రాసెనని భాష్యము చెప్పుట, చెదలు తిన్న పద్యమునకు శ్లేష కల్పించుటవంటిది.

గ్రీటాచిత్రములను నాఁడు కొనినవారు కొలఁదిమంది. లండనునందు 1804లో స్థాపితమైన జలవర్ణచిత్రకారుల సంఘమునఁ గాట్మనునకుఁ జోటు దొరకలేదు. 1825లోఁ గాని యాతఁ డుపసభ్యుఁడు కాలేదు. 1806 తుదిని నారిచ్చికి మరలి, డ్రాయింగు పాఠములు చెప్పుకొని బ్రతుకసాగెను. 1809లో నొక చిత్రములపుస్తకశాలను బెట్టెను. మూఁడునెలలకు గినీ చెల్లించినవా రందలి యాఱువందల చిత్రములలోఁ దమకు వలసినవానిని దీసికొనిపోయి, యింటఁ గూర్చుండి చూచి వ్రాసికొనవచ్చును. చాల చిత్రములపై నేఁటికిని గనఁబడు వరుససంఖ్య లీ పుస్తకశాలవే. పశువుల తడికను, బండల మడుగును నెదుట నిలిచి కనుఁగొన్నవాఁడు, వర్తకుల బిడ్డలకుఁ గాగితమును జూచి కాగితముపై వ్రాయుట నేర్పవలసివచ్చెను. పాఠశాలలలోఁ బ్రకృతివర్ణనమను శీర్షికక్రింద వాచకములోని వాక్యములనే బాలురచేత మరల వ్రాయించు నుపాధ్యాయుల కీ వృత్తాంతము గ్రొత్తగాఁ దోఁపదు. కాట్మనును నిందింపఁగూడదు, భార్యాపిల్లలు గలవాఁడు, తఱచుగా మనోవ్యాధిచేఁ గ్రుంగువాఁడు.

1810లో నాతఁడు గ్రీటావంతెననే మరల మఱింత పెద్దకాగితముపై వ్రాసెను. అది నారిచ్చి కోటలోని మ్యూజియమున నున్నది. రెండుప్రతులను సరిపోల్చువారికిఁ బాఠభేదముల రుచి తెలియును. రెండవదానిలోఁ గూర్పు మఱింత స్థిరము, ఆకారములు మఱింత నిండుగా నుండును. చేయి తేఱినవాని పని యని యెవరైనను జెప్పుదురు. ఐనను నీరు మొదటిదానిలోనే నీరు. అందుఁ గమాను నీడ నీటిలోఁ బడినచో టొక్కపూఁతతోనే తేల్చఁబడినది. ఆ పూఁత యెచ్చట నాఁగవలయునో నదియే చెప్పినట్లుండును. రెండవదానిలో నాఁగినచోటును జిత్రకారుఁ డెఱిఁగియే యున్నాఁడు. ఈ భేదమును గణితముతో నిరూపింపలేను. బ్రిటిషు మ్యూజియమువారు తమ ప్రతిని 1902లో జేమ్సు రీవు సంగ్రహమునుండి సంపాదించిన పిమ్మటఁ గాట్మను కీర్తి మరల నెగడుటకు మొదటిదియే, దానితోడి గ్రీటాచిత్రములే ముఖ్యాధారములైనవని మాత్రము చెప్పుదును.

1834లోఁ గాట్మను లండనునందలి కింగ్సు కళాశాలకుఁ జేరిన పాఠశాలలో డ్రాయింగు ఉపాధ్యాయుఁ డాయెను. పిమ్మటఁ గవిగాను జిత్రకారుఁడుగాను బేరొందిన రోసెట్టి యచ్చట నాతని శిష్యులలో నొకఁడు. 1841 శరత్తున సెలవుపై నారిచ్చి ప్రాంతమునకుఁ బోయి, థోర్పు గ్రామమునఁ దండ్రియింట నుండి, వానలలోను వఱదలలోను నీట మునిఁగిన పొలములను, చెట్లను దిరిగి చూచుచు సుద్దలతోఁ జిత్రించి, వానిపైఁ దేదీలు వేసికొనెను. వానిలో నొకదానిని బట్టి తండ్రియింటినుండి కనఁబడు దృశ్యమును 1842 జనవరిలోఁ దైలవర్ణములతో వ్రాయ మొదలిడెను. ఆ జూలై 24వ తేదీని మరణించెను. కొంతమేర పలుచని తొలిపూఁతతో నిలిచిపోయిన యా చిత్రము నారిచ్చి మ్యూజియమున నున్నది.